ఎర్త్ ఇంపాక్ట్ ఎఫెక్ట్స్ ప్రోగ్రామ్: ఎగిరిపడే రాళ్ళ లెక్కని ఎక్కడిదాకా నమ్మొచ్చు?

గ్రహశకలం నేలను గుద్దితే ఏమవుతుందో చూపించే వెబ్ సర్వీసులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. మ్యాప్ మీద ఏదో ఒక ఊరు ఎంచుకుంటే గుంట ఎంత, మంటలు ఎక్కడిదాకా, గాలిదెబ్బకి ఎన్ని కిలోమీటర్ల మేర ఇళ్ళు కూలతాయి అని రంగురంగుల వలయాలు గీసి పెడతాయి. కానీ ఆ గుంటలో ఉన్న రాయీ మట్టీ ఎటు పోయింది? ఎగిరి బయటపడ్డ ఆ పదార్థాన్ని శాస్త్రవేత్తలు ఎజెక్టా అంటారు. అది ఎంత దూరంలో, ఎంత మందాన, ఎన్ని నిమిషాలకి వచ్చి పడుతుందో అంకెల్లో చెప్పే ఉచిత సర్వీసుల్లో చెప్పుకోదగ్గది ఎర్త్ ఇంపాక్ట్ ఎఫెక్ట్స్ ప్రోగ్రామ్. గారెత్ కాలిన్స్, జే మెలోష్, రాబర్ట్ మార్కస్ కలిసి తయారుచేశారు. వాడిన సూత్రాలన్నీ 2005లో ‘మీటియోరిటిక్స్ అండ్ ప్లానెటరీ సైన్స్’ పత్రికలో అచ్చయ్యాయి. 2010లో పర్డ్యూ యూనివర్సిటీ దీన్ని కొత్త రూపంలో పెట్టింది. లండన్ ఇంపీరియల్ కాలేజీ సైట్‌లోనూ ఉంది. లాగిన్ అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు.

ఎజెక్టా వరకు తీర్పు ముందే చెప్పేస్తాం. పెద్ద గుంట, మధ్యస్థమైన దూరం, ఈ రెండూ కలిసినచోట ఈ ప్రోగ్రామ్ భేష్. చిన్న గుంటలకి, గుంట అంచు పక్కన, పదివేల కిలోమీటర్లు దాటిన దూరాలకి అది ఇచ్చే అంకెని ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకుంటే పప్పులో కాలేసినట్టే. ఎందుకో లెక్కలతోనే చూద్దాం.

ఫారం చిన్నది. గుద్దిన చోటి నుంచి మీరున్న దూరం, శకలం వ్యాసం, సాంద్రత, వేగం, నేలతో చేసే కోణం, కింద ఉన్నది నీరా, అవక్షేప శిలా (సున్నపురాయిలా పొరలుగా పేరుకున్నది), స్ఫటిక శిలా (గ్రానైట్ లాంటిది) అన్నది. అంతే. సాంద్రతకి తయారుగా కొన్ని విలువలు ఇచ్చారు: ఘనమీటరుకి మంచు 1000 కిలోలు, బోలు రాయి 1500, గట్టి రాయి 3000, ఇనుము 8000. గ్రహశకలానికి సెకనుకి 17 కిలోమీటర్లు, తోకచుక్కకి 51 కిలోమీటర్లు మామూలు వేగాలని పక్కనే రాసి ఉంటుంది. కోణం గురించి ఏమీ తెలియకపోతే 45 డిగ్రీలే వేయండి; అన్ని కోణాల్లోకీ అది రావడానికే అవకాశం ఎక్కువ.

ఇక్కడే రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. వ్యాసం పక్కన మీటర్లా కిలోమీటర్లా అన్న ఎంపిక ఉంటుంది, దాన్ని చూడకుండా 15 అని కొడితే డైనోసార్ల నాటి రాయి కాస్తా ఇంటి సైజు రాయి అయిపోతుంది. రెండోది దూరం. ప్రోగ్రామ్ దూరాన్ని గుంట మధ్య నుంచి కొలుస్తుంది. ఫీల్డులో తిరిగే భూగర్భ శాస్త్రవేత్తలు చాలాసార్లు అంచు నుంచి కొలుస్తారు. ఫీల్డు కొలతతో పోల్చేటప్పుడు గుంట వ్యాసార్ధం కలపడం మర్చిపోతే, ముఖ్యంగా అంచుకి దగ్గరగా, మందం ఎన్నో రెట్లు తప్పుతుంది.

లోపల జరిగేది ఇది. శకలం సైజు, వేగం, సాంద్రత, కోణాల నుంచి ముందు తాత్కాలిక గుంట వ్యాసం కడుతుంది. గుద్దిన కొద్ది క్షణాలకి తెరుచుకుని, గోడలు జారిపోకముందు ఉండే గుంట అది. తర్వాత గోడలు కూలి వెడల్పయ్యాక మిగిలేది తుది గుంట. భూమ్మీద తుది వ్యాసం 3.2 కిలోమీటర్ల లోపుంటే మామూలు గిన్నె ఆకారం: తాత్కాలిక వ్యాసానికి 1.25 రెట్లు. అంతకు మించితే మధ్యలో గుట్టో, వలయమో లేచే సంక్లిష్ట గుంట, దానికి వేరే సూత్రం. ఎజెక్టా మందానికి మాత్రం తాత్కాలిక గుంటే ఆధారం: దాని వ్యాసాన్ని నాలుగో ఘాతానికి పెంచి, 112తోనూ, దూరం ఘనంతోనూ భాగిస్తే మందం వచ్చేస్తుంది. ఆ 112 గాల్లోంచి ఊడిపడింది కాదు. గుంటలోంచి పోయిన ఘనపరిమాణమంతా చుట్టూ పేరుకుందనీ, తాత్కాలిక గుంట అంచు దగ్గర ఆ పేరుకున్నది వ్యాసంలో 14.1వ వంతు ఎత్తు ఉంటుందనీ, అక్కడి నుంచి దూరం ఘనానికి విలోమంగా తగ్గుతుందనీ అనుకుంటే తేలే అంకె అది.

ఈ నాలుగో ఘాతం వల్ల ఒక ఇబ్బంది ఉంది. తాత్కాలిక వ్యాసంలో 10 శాతం తప్పితే మందంలో 46 శాతం తప్పుతుంది. శకలం వ్యాసం రెట్టింపు చేస్తే మందం దాదాపు 8.7 రెట్లవుతుంది, వేగం రెట్టింపైతే 3.4 రెట్లు. కోణం 45 నుంచి 30కి దించితే మందం 37 శాతం తగ్గుతుంది. అవక్షేప శిల బదులు స్ఫటిక శిల ఎంచుకుంటే మాత్రం తేడా 12 శాతమే, ఎందుకంటే ఈ సూత్రం వరకు ఆ రెంటికీ సాంద్రతలోనే తేడా (2500, 2750). కాబట్టి శకలం సైజు మీద జాగ్రత్తపడండి, నేల రకం దగ్గర బుర్ర బద్దలు కొట్టుకోకండి. ప్రోగ్రామ్ జవాబుని ఎన్ని అంకెలతో చూపించినా నికరంగా పనికొచ్చేది మొదటి అంకె, మహా అయితే రెండోది.

ఇప్పుడు తెలిసిన గుంటలతో పరీక్ష. మొదట చిక్సులూబ్. మెక్సికోలో 6.6 కోట్ల ఏళ్ళ కిందటిది, డైనోసార్ల అంతానికి కారణమని పేరుపడింది. 15 కిలోమీటర్ల గట్టి రాయి, సెకనుకి 20 కిలోమీటర్లు, 60 డిగ్రీలు, స్ఫటిక శిల అని ఇస్తే సూత్రాల ప్రకారం తాత్కాలిక గుంట సుమారు 97 కిలోమీటర్లు, తుది గుంట సుమారు 177 కిలోమీటర్లు. అసలు గుంట వ్యాసం 180 నుంచి 200 కిలోమీటర్ల మధ్య అని చెప్తారు కాబట్టి ఇది గురిచూసి కొట్టినట్టే ఉంది. ఎజెక్టా సంగతి? 1000 కిలోమీటర్ల దగ్గర 80 సెంటీమీటర్లు, 2000 దగ్గర 10 సెంటీమీటర్లు, 2300 దగ్గర ఆరున్నర, 3000 దగ్గర సుమారు 3 సెంటీమీటర్లు. 2000 కిలోమీటర్ల దూరానికి రాళ్ళు 12, 13 నిమిషాల్లో వచ్చి పడతాయి. 45 డిగ్రీల్లో విసిరితే భూమి గుండ్రదనాన్ని కలుపుకుని పట్టే సమయం అది.

నేల మీద కొలిచింది ఏమిటంటే, గుంటకి దగ్గరగా ఉండే హైతీలోని బెలోక్‌లో గాజు గుళికల పొర పదుల సెంటీమీటర్లు ఉంటుంది. అమెరికాలో కొలరాడో, న్యూమెక్సికో సరిహద్దులోని రాటన్ బేసిన్ సుమారు 2300 కిలోమీటర్ల దూరం, అక్కడ పొర ఒకటి రెండు సెంటీమీటర్లే. అంటే దగ్గర్లో స్థాయి కుదిరింది, రెండు వేల కిలోమీటర్లు దాటాక మూడు నుంచి ఆరు రెట్లు ఎక్కువగా చెప్తోంది. ఇంత పాత పొర 6.6 కోట్ల ఏళ్ళలో నలిగిపోయి పల్చబడి ఉంటుంది కూడా. ఆ లెక్కన ఇది మంచి మార్కులే.

ఇంకా దూరం పోతేనే అసలు తేడా బయటపడుతుంది. 10,000 కిలోమీటర్ల దగ్గర సూత్రం ఇచ్చేది 0.8 మిల్లీమీటరు. ప్రపంచంలో గుంటకి బాగా దూరంగా ఉన్న చోట్ల ఆ పొర ఎక్కడ చూసినా దాదాపు ఒకే మందం: రెండు మూడు మిల్లీమీటర్లు. దూరం పెరిగినా తగ్గదు! కారణం, అంత దూరం వెళ్ళింది గుంట గోడ నుంచి విసిరిన రాయి కాదు. శకలమూ, దాని కింది రాయీ ఆవిరై, ఆ ఆవిరి మబ్బు వాతావరణం పైకి ఎగసి, చల్లబడి చిన్న చిన్న బిందువులై భూగోళమంతా పరుచుకుంది. భూమి పైపొరలో అరుదుగా, గ్రహశకలాల్లో ఎక్కువగా దొరికే ఇరిడియం అనే లోహం ఉండేది అందులోనే. దూరం ఘనంతో తగ్గే సూత్రానికి దీంతో సంబంధమే లేదు. ప్రోగ్రామ్ తయారుచేసినవాళ్ళకి ఇది తెలుసు. రాళ్ళు గంటకన్నా ఆలస్యంగా చేరేంత దూరమైతే, అక్కడికి రాయి పెద్దగా రాదు, వచ్చేదంతా చల్లారిన ఆవిరి ధూళే అన్న అర్థం వచ్చే వాక్యం చూపిస్తారు. ఆ వాక్యం కనిపించాక అక్కడ ఇంక మందం కోసం వెతక్కండి.

చిక్సులూబ్ నుంచి మన దగ్గరికి ఎంత వచ్చిందన్న ప్రశ్న తెలుగు పాఠకులకి సహజంగా వస్తుంది, ముఖ్యంగా రాజమండ్రి చుట్టుపక్కల వాళ్ళకి. కాటేరు, గౌరీపట్నం క్వారీల్లో దక్కన్ లావా పొరల మధ్య ఇరుక్కున్న సున్నపురాతి పొరలున్నాయి, వాటిలోని సూక్ష్మశిలాజాలు ఆ మహావినాశం అయిన వెంటనే వచ్చిన కాలాన్ని చూపిస్తాయి. కానీ ఇవాళ్టి మ్యాప్‌లో రాజమండ్రికీ మెక్సికోకీ దూరం కొలిచి ఫారంలో వేస్తే అది తప్పు. అప్పటికి భారత ఖండం ఇంకా దక్షిణార్ధగోళంలోనే ఉంది, ఆసియాకి అతుక్కోలేదు. పాత ఘటనకి పాత మ్యాప్ కావాలి. ఎలాగూ 10,000 కిలోమీటర్లు దాటిన దూరమే కాబట్టి ప్రోగ్రామ్ అక్కడ ఆ ఆవిరి ధూళి వాక్యమే ఇస్తుంది. మేఘాలయలోని ఉమ్ సొహ్రింగ్‌క్యూ నది పక్కన దొరికిన ఇరిడియం పొరని ఈ లెక్కతో సరిపోల్చడం ఆ కారణం వల్లే కుదరదు.

రెండో పరీక్ష జర్మనీలోని రీస్. దాదాపు కోటీ 50 లక్షల ఏళ్ళ నాటి 24 కిలోమీటర్ల గుంట. నార్డ్‌లింగెన్ ఊరు దాని లోపలే ఉంది. తుది వ్యాసం నుంచి వెనక్కి లెక్కిస్తే తాత్కాలిక గుంట పదహారున్నర కిలోమీటర్లు వస్తుంది. మధ్య నుంచి 25 కిలోమీటర్ల దగ్గర మందం 43 మీటర్లు, 30 దగ్గర 25 మీటర్లు, 40 దగ్గర పదిన్నర. అక్కడి ఎజెక్టాకి బుంటె బ్రెక్షియా అని పేరు, బోర్లు వేసి చూస్తే పదుల మీటర్ల మందం తేలింది. స్థాయి కుదిరింది. కానీ ఆ బోర్లలోంచి తీసిన రాతి కడ్డీలు పరీక్షిస్తే ఇంకో సంగతి బయటపడింది. అందులో గుంటలోంచి వచ్చిన రాయి తక్కువ, ఆ పడ్డచోటి మట్టీ రాయీ ఎక్కువ. ఎగిరొచ్చిన బండలు వేగంగా దిగి నేలని దున్నేసి, దాన్ని తమలో కలుపుకుని ముందుకి పారాయి. దూరం పెరిగేకొద్దీ రాళ్ళ వేగం పెరుగుతుంది కాబట్టి ఈ దున్నడమూ పెరుగుతుంది. ప్రోగ్రామ్ లెక్క కట్టేది వచ్చిన సరుకునే; కలిసిన సరుకు దాని ఖాతాలో లేదు. అది చెప్పిన మందాన్ని ఫీల్డులో కనిపించే పొర మందంతో సమానమని చూసుకోవడం అందుకే సరికాదు. దీన్ని ఒక హెచ్చరికగా జవాబు కిందే రాసి ఉంటే ఎంత బాగుండేది.

మూడోది లోనార్. మహారాష్ట్ర బుల్దానా జిల్లాలో దక్కన్ బసాల్ట్‌లో పడ్డ 1.8 కిలోమీటర్ల గుంట. మనకి బస్సులో వెళ్ళి చూడగలిగే ఎజెక్టా ఇదే, కాబట్టి దీని మీద ఆశ ఎక్కువ. ప్రోగ్రామ్ ఎక్కువ నిరాశపరిచేదీ ఇక్కడే.

గుంట సూత్రాన్ని వెనక్కి తిప్పితే 17 కిలోమీటర్ల వేగం, 45 డిగ్రీల కోణానికి సుమారు 80 మీటర్ల గట్టి రాయి సరిపోవాలి. కానీ ఫారంలో ఆ అంకెలు వేస్తే గుంట రాదు. ఎందుకంటే ముందు వాతావరణం లెక్క నడుస్తుంది. 3000 సాంద్రత ఉన్న రాయి సుమారు 54 కిలోమీటర్ల ఎత్తులోనే పగలడం మొదలవుతుంది, ముక్కలు పక్కలకి విచ్చుకుని గాలిని ఇంకా ఎక్కువ ఢీకొంటాయి, నేల దాకా వచ్చేలోపే శక్తి అయిపోతుంది. 60 మీటర్ల రాయి అయితే దాదాపు 5 కిలోమీటర్ల ఎత్తులో, 50 మీటర్ల రాయి ఏడున్నర కిలోమీటర్ల ఎత్తులో పేలిపోతుంది. 1908లో సైబీరియా తుంగుస్కాలో జరిగిందానికి ఇది దగ్గరగానే ఉంది. 80 మీటర్ల రాయికి ఆ పేలుడు నేలకి దాదాపు ఆనుకుని జరుగుతుంది. 100 మీటర్ల రాయి నేలకి చేరినా వేగం సెకనుకి 7 కిలోమీటర్లకి పడిపోతుంది. తెలిసిన చిన్న గుంటని ఇందులో తిరిగి పుట్టించాలంటే సైజు పెంచుకుంటూ పోవాలి, లేదా ఇనుము ఎంచుకోవాలి. అమెరికా అరిజోనాలోని 1.2 కిలోమీటర్ల బారింజర్ గుంటకి ఇనుమే సరైనది. నేలని తాకే వేగం సెకనుకి 12 కిలోమీటర్లు, 40 మీటర్ల ఇనుప ముద్ద, అవక్షేప శిల అనుకుని గుంట సూత్రం ఒక్కటే చేత్తో వేస్తే 1.28 కిలోమీటర్లు వస్తుంది.

సరే, లోనార్‌కి కూడా వాతావరణాన్ని పక్కనపెట్టి ఎజెక్టా సూత్రమే చేత్తో వేద్దాం. తాత్కాలిక గుంట 1.44 కిలోమీటర్లు. అంచు దగ్గర, అంటే మధ్య నుంచి 900 మీటర్లకి, 53 మీటర్ల మందం వస్తుంది. ఇప్పుడు అక్కడ అంచు చుట్టూ ఉన్న నేలకన్నా సుమారు 30 మీటర్లే ఎత్తు. అందులో కూడా కొంత భాగం ఎగిరి పడ్డది కాదు, గుద్దినప్పుడు పైకి మడతపడి లేచిన బసాల్ట్. ఎన్నో వేల ఏళ్ళ వానలకి కొంత కొట్టుకుపోయింది నిజమే, కానీ సూత్రం ఎజెక్టానీ, లేచిన నేలనీ విడదీయదన్నదీ గుర్తుంచుకోవాలి. అంచు నుంచి 1350 మీటర్ల దగ్గర, అంటే మధ్య నుంచి 2250 మీటర్లకి, 3.4 మీటర్లు. లోనార్‌లో తెంపు లేకుండా పరుచుకున్న ఎజెక్టా దుప్పటి సుమారుగా అక్కడితో ఆగిపోతుంది. సూత్రం మాత్రం ఆగదు, 10 కిలోమీటర్ల దగ్గర కూడా 4 సెంటీమీటర్లు అంటుంది.

మరి ఈ సైజు గుద్దుడుకి ప్రోగ్రామ్ తనంతట తాను ఏం చెప్తుంది? ఎజెక్టాలో అధిక భాగాన్ని వాతావరణం అడ్డుకుంటుందని ఒక్క వాక్యం. చిన్న పేలుడైతే దాని అగ్నిగోళం వాతావరణాన్ని చీల్చుకుని పైకి పోలేదు, కాబట్టి సన్న సరుకు గాలిలో ఆగిపోతుందన్నది దాని తర్కం. దూరాలకి అది నిజమే. కానీ గుంట పక్కనున్న రెండు కిలోమీటర్లలో పడే బండల గురించి కూడా అదే మాట చెప్పి ఊరుకుంటుంది. లోనార్ అంచు మీద నిలబడ్డవాళ్ళ కాళ్ళకింద ఉన్నదాన్ని అది చూపించదు.

ముక్కల సైజు దగ్గర ఇంకా జాగ్రత్త. సగటు ముక్క వ్యాసం చెప్పే సూత్రానికి ఆధారం శుక్రగ్రహం మీద పెద్ద గుంటల చుట్టూ కనిపించే పారాబోలా ఆకారపు మచ్చలు. చిక్సులూబ్‌కి 2000 కిలోమీటర్ల దగ్గర ఆ సూత్రం 0.4 మిల్లీమీటరు ఇస్తుంది, నమ్మదగ్గదే. అసలు పొరల్లో గాజు గుళికలు మిల్లీమీటరు స్థాయిలో ఉంటాయి. అదే సూత్రాన్ని లోనార్‌కి వేసి చూడండి: 2250 మీటర్ల దగ్గర సగటు ముక్క 250 మీటర్లు. మూడున్నర మీటర్ల మందం పొరలో 250 మీటర్ల బండ ఎలా పడుతుంది? పెద్ద గుంటల నుంచి తెచ్చిన గీతని చిన్న గుంటల దాకా లాగితే ఇలాగే అవుతుంది. నియమం సులువు: ముక్క సైజు పొర మందంకన్నా ఎక్కువ కనిపిస్తే ఆ అంకెని కొట్టేయండి.

దిశ కూడా ఇందులో లేదు. అన్ని వైపులా ఒకే మందం అనుకుంటుంది. నిజానికి ఏటవాలుగా గుద్దితే రాళ్ళు శకలం పోతున్న వైపుకే ఎక్కువ ఎగురుతాయి, వచ్చిన వైపు ఖాళీ పడుతుంది. బాగా వాలుగా, 15 డిగ్రీల లోపు అయితే రెండు రెక్కల్లా పక్కలకి విడిపోతాయి. లోనార్ ఎజెక్టా కూడా సమంగా లేదు, శకలం తూర్పు నుంచి వాలుగా వచ్చి ఉంటుందని కొన్ని అధ్యయనాల అంచనా. కోణం మార్చినప్పుడు ప్రోగ్రామ్‌లో మారేది గుంట సైజే, ఎజెక్టా ఆకారం కాదు. చిక్సులూబ్ లాంటి చోట పైన మూడు కిలోమీటర్ల సున్నపురాయి, గంధకం ఉండే జిప్సం జాతి రాళ్ళు, కింద గ్రానైట్ ఉంటే ఆ పొరల్ని చెప్పుకునే గడి కూడా ఫారంలో లేదు. వాతావరణంలోకి పోయిన గంధకం సంగతి దీన్నుంచి తెలియకపోవడం అందువల్లే.

ఇన్ని చెప్పాక కూడా దీన్నే ఎందుకు సిఫారసు చేస్తున్నామంటే, ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెళ్ళి చూసుకోవచ్చు. ఆస్టరాయిడ్ లాంచర్ లాంటి వెబ్‌సైట్లు బొమ్మల్లో అందంగా ఉంటాయి, వాటిలో ఎజెక్టా లెక్క ఉండదు. చంద్రుడు, చిన్న గ్రహశకలాలు మీ విషయమైతే ఇది పనికిరాదు, దీనిలో భూమి గురుత్వమే స్థిరంగా ఉంది. వాటికి కీత్ హోల్సాపుల్, కెవిన్ హౌసెన్ 2011లో ఇచ్చిన ఎజెక్టా స్కేలింగ్ సూత్రాలు (ఒక సైజు గుద్దుడు నుంచి ఇంకో సైజుకి లెక్క కట్టేవి) వాడాలి; ఇసుక, గట్టి రాయి, బోలు రాయికి వేరువేరు గుణకాలుంటాయి, ప్రతి దూరం నుంచి ఎంత వేగంతో ఎంత బరువు ఎగిరిందో చెప్తాయి. 2022 సెప్టెంబర్ 26న నాసా డార్ట్ నౌక, ఒక పెద్ద గ్రహశకలం చుట్టూ తిరిగే చిన్న శకలం డైమోర్ఫోస్‌ని గుద్దినప్పుడు అవసరపడ్డది ఆ రకం లెక్కే. డైమోర్ఫోస్ ప్రదక్షిణ కాలం అరగంటకి పైగా తగ్గింది, దానికి అందిన ద్రవ్యవేగం నౌక ఒక్కటే ఇచ్చేదానికి సుమారు 3.6 రెట్లు. ఆ మిగతా నెట్టుడంతా వెనక్కి ఎగసిన రాళ్ళూ దుమ్మూ ఇచ్చిందే.

కాలేజీల్లో వాడేవాళ్ళకి ఒక పద్ధతి: శకలం 1 కిలోమీటరు నుంచి 15 కిలోమీటర్ల మధ్య పెట్టుకోండి. దూరం తుది గుంట వ్యాసార్ధానికి రెండు రెట్ల నుంచి మొదలుపెట్టి 3000 కిలోమీటర్ల దగ్గర ఆపండి. ఒక్కో దూరానికి మూడు వేగాలతో, 17, 20, 25తో లెక్క వేసి, మందాన్ని ఒక్క అంకెగా కాకుండా తక్కువా ఎక్కువా రెండూ రాయండి. ఇచ్చిన విలువలన్నీ జవాబుతోపాటు కాగితం మీద ఎక్కించుకోండి, లేకపోతే రేపు అదే జవాబు మళ్ళీ రాబట్టడం కష్టం.